కారు రాకముందే కానుక

జులై 6, ఆదివారం

పొద్దున్నే అందరినీ వరసగా అడిగాను, ఎలా ఉన్నారని. మా ప్రసాదుకి నడుము నొప్పి తగ్గిందట. తగ్గిందని చెప్తూనే మంచం కోడు పట్టుకుని లేచాడు. కోడలు కరుణకి తలనొప్పి లేదట, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మనవరాలు షారోను మోకాలు... "బానే ఉంది మామ్మా. రోజూ అడిగితే మోకాలికే ఇసుగొత్తాది" అంది. నా బీపీ సంగతి ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. కోడిపెట్ట కూడా నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు.

గుడికి వెళ్ళి, పాస్టరు అయ్యగారి వాక్యం విని వచ్చాం. వాన.

జులై 7

షారోను కాలేజీ నుంచి వచ్చేసరికి చీకటి పడింది. తుని రోడ్డు బస్సు, అంతదూరం నిలబడే వచ్చిందట. డిసెంబరులో స్కూటీ మీద నుంచి పడ్డాక ఎడమ మోకాలిలో ప్లేటు వేశారు. ఎక్కువసేపు నిలబడకూడదని, స్కూటీ ఎక్కనే కూడదని డాక్టరు చెప్పాడు. మరి ఎలా వెళ్ళాలో చెప్పలేదు.

షేరాటో అంటే నాకు భయం. ఒక్కో ఆటోలో ఎంతమంది... డ్రైవరు పక్కన కూడా.

జులై 8

ప్రసాదు హాస్టల్ అంటున్నాడు. కరుణ కూడా. అక్కడ స్నానాల గది నేల నున్నగా ఉంటుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

జులై 9

భోజనాల దగ్గర షారోను మెల్లగా అంది — సెకండ్‌హ్యాండ్ కారు సూద్దాం నాన్నా అని. పడకముందే నేర్చుకుంది, లైసెన్సు కూడా ఉంది. ప్రసాదు నవ్వాడు. కరుణ నవ్వలేదు. కాలేజీ పిల్లకి కారేటే, లెక్చరర్లే బస్సులో వస్తున్నారు, ఊళ్ళో ఏటనుకుంటారు అంది. ఊళ్ళో వాళ్ళ మోకాళ్ళలో ప్లేట్లు లేవు కదా అని నేనన్నాను. ఎందుకన్నానో. కారంటే నాకూ భయమే. తుని రోడ్డులో టిప్పర్లు ఎలా వస్తాయో చూశాను. కానీ కారుంటే పిల్ల ఇంట్లో ఉంటుంది. రాత్రి పక్క గదిలో దగ్గితే వినపడుతుంది.

ప్రసాదు కాసేపు ఆలోచించి చెప్పాడు. ఈ నెలాఖరు దాకా చూస్తాడట. మంచి పాత కారు దొరికితే సరే. దొరక్కపోతే ఒకటో తారీకున హాస్టల్లో చేర్పిస్తాడట.

మంచి కారు కోసం ప్రార్థన చేశాను. చిన్నది, మెల్లగా వెళ్ళేది.

జులై 12, శనివారం

చూశాం. చూశాం. ఎలా రాయాలో తెలియడం లేదు.

గొలుగొండలో రిటైరైన మాస్టారిది. ప్రసాదు స్నేహితుడు, మెకానిక్ సూరిబాబు చెప్పాడు. నన్నెందుకు అన్నారు గాని నేనూ వెళ్ళాను. తెల్లది. చిన్నది. ఒక్కరి చేతిలోనే ఉందట, మాస్టారూ వాళ్ళావిడా ఆసుపత్రికీ బజారుకీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదట. సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా ఉంది. సూరిబాబు బోనెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని చూశాడు, టైర్లు గీకి చూశాడు. ఇంజను బంగారం అన్నాడు. ప్రసాదు నడిపాడు, షారోను పక్కన, నేను వెనక. చెరకు తోటల మధ్య నుంచి వెళ్ళాం. కిటికీ దానంతటదే దిగింది, నేను మీట నొక్కగానే. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పైకి వెళ్ళింది. ప్రసాదు అద్దంలో నా వంక చూసి, "అమా, కిటికీ సూడ్డానికొచ్చావా, కారు సూడ్డానికొచ్చావా" అన్నాడు.

బేరం ఇంకా మాట్లాడలేదు. మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేశారు. నాకు మాత్రం గుండె దడ ఆగడం లేదు. మంచి దడే అనుకుంటాను. బీపీ మాత్ర వేసుకున్నాను, ఎందుకైనా మంచిదని.

జులై 13, ఆదివారం

ఏం చేశానో రాస్తాను.

గుడికి వెళ్తూ కృతజ్ఞత కానుక కవరులో డబ్బు పెట్టి పట్టుకెళ్ళాను. దాని మీద నా చేత్తోనే రాశాను — మా మనవరాలు షారోనుకి కారు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అని. నమ్మకం ఉన్నవాళ్ళు ముందే కృతజ్ఞత చెప్పాలి కదా, రాకముందు చెప్తేనే కదా నమ్మకం, అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. కానుక పట్టాక పాస్టరు అయ్యగారు కవర్లన్నీ చదివారు. ఎవరిదో గేదె ఈనినందుకు. ఎవరికో ఉద్యోగం. తర్వాత మాది, పెద్ద గొంతుతో. గుడంతా స్తోత్రం అంది. మగవాళ్ళ వైపు నుంచి ప్రసాదు మెడ తిప్పి చూశాడు. ఆ చూపు.

బయటికి వచ్చాక అందరూ చేతులు పట్టుకుంటున్నారు. షారోనుని ముద్దు పెట్టుకుంటున్నారు. ఏ కారు, ఏ రంగు అని. మా వీధి సుందరమ్మ, "వదినా, మరి మమ్మల్నెప్పుడు ఎక్కిత్తావు" అంది. తెల్లది అని చెప్పాను. సంతోషంగానే ఉంది చెప్తుంటే.

ఇంటికొచ్చాక ప్రసాదు ఒక్క మాటే అన్నాడు. "బేరమే అవ్వనేదు కదమా."

జులై 14

మాస్టారు ఫోను చేశారు. ఆయన పక్కింటివాళ్ళు మా గుడికి వస్తారట. "మీ గుళ్ళో ప్రార్థన కూడా అయిపోయిందంట గదండీ. మరింకెవరొచ్చి అడిగినా నేను సూపించలేదు" అన్నారట. ప్రసాదు ఫోను పెట్టి నా వంక చూశాడు. నేను చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నాను.

అయితే మనదే అన్నమాట.

జులై 16

కారు ఎక్కడ పెట్టాలి? గేటు పక్కన బట్టలుతికే రాయి తీయాలి. మల్లెచెట్టు తీయకూడదు. కరుణే నిన్న సాయంత్రం కొలిచింది, చీర కొంగుతో. హాస్టల్ హాస్టల్ అన్న మనిషి. మల్లెచెట్టు కొంచెం కొడితే చాలట.

నా పాత నేతచీర చింపి సీటుకి తొడుగు కుడుతున్నాను. ప్లాస్టిక్ మీద కూర్చుంటే పిల్లకి చెమట. వెనక సీటుకి వేరే. వెనక సీటు నాది.

కుక్క అడ్డం వస్తే? గేదెలు? వాన పడితే అద్దం తుడిచేది ఆగిపోతే? అన్నీ షారోనుని అడిగాను. అన్నిటికీ బ్రేకుంది మామ్మా అంటుంది.

జులై 19, శనివారం

మాస్టారు స్వయంగా కారు తెచ్చారు. ఒకసారి అమ్మాయి చేత నడిపించి చూసుకోండి, తర్వాతే మిగతా మాటలు అన్నారు. పెద్దమనిషి.

షారోను డ్రైవింగు సీట్లో. ఎంత బాగుంది. జడ వెనక్కి వేసుకుని, అద్దం సరిచేసుకుని. ప్రసాదు పక్కన, నేనూ మాస్టారూ వెనక. బలిఘట్టం దాకా వెళ్ళాం. సెంటర్లో జనం, బండ్లు, స్పీడ్‌బ్రేకర్లు. ప్రతి చోటా ఆగడం, కదలడం, ఆగడం. పిల్ల బాగా నడిపింది. ఏటి దగ్గర తిప్పుకుని వచ్చాం. పిల్ల పైపెదవి మీద చెమట. భయం వల్ల అనుకున్నాను. నేను కళ్ళు మూసుకోలేదు. రెండుసార్లు తప్ప.

దిగాక ప్రసాదు ఎలా ఉందమ్మా అన్నాడు. సూపర్ నాన్నా అంది. మాస్టారు సంతోషపడ్డారు.

ఇదంతా మధ్యాహ్నం రాశాను. ఇప్పుడు సాయంత్రం.

దుప్పటి తీయడానికి దాని గదిలోకి వెళ్ళాను. నొప్పుల మందు వాసన. ఐసుగడ్డలు గుడ్డలో కట్టి మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది. వాచింది మోకాలు. నన్ను చూసి దుప్పటి లాక్కుంది. ఎడమ కాలితో తొక్కాలట, క్లచ్చట, గేరు మార్చినప్పుడల్లా. పడకముందు నేర్చుకుంది కదా, అప్పుడు కాలు బాగుంది. మేమెవరం ఆలోచించలేదు. కారు టైర్లు చూశాం, ఇంజను చూశాం. పిల్ల కాలు చూడలేదు.

మరి బాగుందని ఎందుకు చెప్పావే అన్నాను.

"నువ్వు గుళ్ళో సెప్పేసావు కదా మామ్మా. అందరూ సోత్రం అన్నారు. నీ మాట పోదేటి?"

నా మాట. నా మాట కోసం...

ఎవరికీ చెప్పొద్దంది. అలవాటైపోద్దంది.

జులై 20, ఆదివారం

ఒంట్లో బాగోలేదని గుడి మానేశాను. అబద్ధం కాదు.

జులై 21

చెప్పేశాను. ఇద్దరికీ, కాఫీ దగ్గర. ఆ కారు మనకొద్దు, పిల్ల కాలు పాడవుతుంది అని. షారోను నాతో మాట్లాడటం లేదు. కరుణ ఒకటే అంది, అయితే హాస్టలే. అనేసి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ప్రసాదు సూరిబాబుకి ఫోను చేశాడు. సూరిబాబు తల కొట్టుకున్నాడట. "కాలు సంగతి ముందే సెప్పొద్దేటి బావా" అన్నాడట. క్లచ్చు లేని కార్లుంటాయట. గేర్లు వాటంతటవే మారుతాయట. ఎడమ కాలికి పనే లేదట. మన వైపు తక్కువ. పాతవి ఇంకా తక్కువ. చూస్తానన్నాడట.

చూస్తాడో లేదో. నెలాఖరు వచ్చేస్తోంది.

జులై 23

గొలుగొండ వెళ్ళాం, నేనూ ప్రసాదూ. ఫోనులో చెప్తే సరిపోద్ది అన్నాడు వాడు. సరిపోదు. ఆయన ఇంకెవరికీ చూపించకుండా ఆగారు నా కవరు వల్ల. నేనే చెప్పాను. తొందరపడ్డానండీ మాస్టారూ, తప్పు నాదేనండీ అని.  వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేశాను. తర్వాత ఆయన, "అంటే మీ ప్రార్థన మా కారుకి పన్జెయ్యనేదన్నమాట" అన్నారు. కోపమో వేళాకోళమో తెలియలేదు. వాళ్ళావిడ కసిరింది ఆయన్ని. అమ్మాయి కాలెలాగుందని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

కారు వాకిట్లోనే ఉంది, తుడిచిపెట్టి. చూడకుండా వచ్చేశాను.

జులై 25

సూరిబాబు ఫోను లేదు. కరుణ షారోను బట్టలు మడతపెడుతోంది. ఎందుకని అడగలేదు.

జులై 27, ఆదివారం

గుడిలో సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో లేచి నిలబడ్డాను.  చెప్పాను — ఆ కారు మేము కొనలేదు, దాని క్లచ్చు మా పిల్ల కాలికి పడదు, కొనకముందే కవరు పెట్టాను, మీ అందరి చేతా స్తోత్రం చెప్పించాను, క్షమించండి. కూర్చున్నాను.  అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మామ్మగారూ, పిల్ల కాలు కాపాడినందుకే ఆ స్తోత్రం అనుకుందామండీ" అన్నారు. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేనూ.

బయట సుందరమ్మ పట్టుకుంది. "ఈసారి కారు నీ గుమ్మంలోకొచ్చి హారన్ కొట్టాకే కవరెట్టు వదినా" అంది. పోవే అన్నాను. తేలిగ్గా ఉంది.

అంతకుముందు, చివరి పాట అప్పుడు, షారోను ఆడవాళ్ళ వైపు నా పక్కకి వచ్చి కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. 

జులై 28

దొరికింది. దొరికిందట. సూరిబాబు పొద్దున్నే బండి మీద వచ్చాడు, టిఫిను కూడా తినకుండా. ఎస్. రాయవరంలో ఒకావిడ, బ్యాంకులో పని, బదిలీ అయ్యి అమ్మేస్తోందట. క్లచ్చు లేదు. ఎర్రది. ఒక తలుపు మీద పొడుగ్గా గీత ఉందట, మామిడి తోట కంచె గీరుకుందట. గీతే కదా. మోకాలు కాదు కదా.

కానీ గేర్లు వాటంతటవే మారితే, కారు కూడా దానంతటదే వెళ్ళిపోదూ? సూరిబాబుని అడిగాను. నవ్వుతూ ఇడ్లీ తిన్నాడు. ప్రసాదుని అడిగాను. "నిన్ను దింపేసి ఎల్లిపోద్ది" అన్నాడు. కరుణ కూడా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఈ ఇంట్లో నలుగురం ఒక్కసారి నవ్వి.

ఇంకెవరో కూడా అడుగుతున్నారట ఆ కారుని. తునివాళ్ళు. బేగి వెళ్ళాలి.

జులై 29

బ్యాంకావిడ గురువారం అయితేనే ఇంట్లో ఉంటుందట. మర్నాడే ఒకటో తారీకు. హాస్టల్‌కి ఆ రోజు చెప్పకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తారట. కరుణ సంచీ సర్ది గోడ పక్కన పెట్టింది, విప్పలేదు.

నేను చెప్పాను, ఈసారి ముందు షారోనే నడపాలి. తర్వాతే మీరు ఇంజను చూసుకోండి. సరేనన్నారు. నొప్పి వస్తే చెప్తావా అని పిల్లని అడిగాను. "సెప్తాను." గట్టిగా సెప్తావా? "నువ్వు ఎనక సీట్లో ఉంటావు కదా మామ్మా, నా మొగం నువ్వే సూడు" అంది. ఒట్టు వేయించుకోవడం మా గుడివాళ్ళకి లేదు.

అద్దంలో దాని ముఖం నాకు కనపడేలా కూర్చోవాలి. ఎడమవైపు కూర్చుంటే కనపడుతుందేమో. కుడివైపో.

గురువారం, ముప్పై ఒకటో తారీకు, పొద్దున తొమ్మిదింటికి బయలుదేరడం.