దిగే టైము

మేరీ,

బస్టాండుకు వస్తానని మాటిచ్చి రాలేదని నలభై ఏళ్లు నిన్ను తిట్టుకున్నాను. ఈ రోజు సమాధుల పండుగ. నీ సమాధికి సున్నం వేస్తున్న మీ చెల్లె శాంత, నా చేతిలో పూలు చూసి నవ్వింది.

"ఇప్పుడచ్చినవా బావా? ఆ దినం మా అక్క మూడు గంటల సంది చీకటి పడేదాక బస్టాండ్ల కూసున్నది."

నేను నా మొదటి షిఫ్టు ఎగ్గొట్టి పొద్దున ఏడింటికే వచ్చాను. పదకొండు దాకా చూసి, కోపంతో రెండో షిఫ్టుకు బొగ్గు బాయిలో దిగాను. నువ్వొచ్చింది ఆ మూడింటికా?

అక్కడి నుంచి నేరుగా పోశం ఇంటికి వెళ్లాను. నువ్వు నర్సుగా చేసిన దవాఖానలో వార్డుబాయ్ అని అతనితోనే కదా నీకు కబురు పంపింది.

"ఆమెకేం చెప్పినవ్‌రా?"

"నువ్వు చెప్పిందే. డ్యూటీ దిగే టైముకు రమ్మన్న."

"డ్యూటీ అని నేనన్ననా? నేను దిగే టైముకు అన్న. బాయిల దిగే టైముకు!"

"దవాఖానల దిగుడంటే ఇంటికి పోవుడే గదరా. గన్ని పుస్తకాలు సదివినోనివి, ఒక చీటీ రాయకపోతివి?"

మాకు దిగితే పని మొదలు, మీకు దిగితే పని ఖతం. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో!

ఎవరు మాట తప్పారో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు. వచ్చి ఒక్క మాట అడగని నువ్వా? చీటీ రాయని నేనా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. పోశం చాయ్ ఇస్తే తాగాను, మంచీ చెడూ మాట్లాడాను. అయినా నీకు చెబుతున్నాను, మేరీ. తప్పు పోశందే.