ప్రూఫుకు వచ్చిన డ్రాగన్

అక్కకి,

నేలకు తల ఆనించి నమస్కారం. మాటవరసకు అనడం లేదు, పెన్ను బల్ల కింద పడితే నిజంగానే వంగాను.

ఇరవై ఆరేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన నీ కళ్లకు మళ్లీ పని తెచ్చాను. మా వీడియో గేమ్ చివర్లో ఒక డ్రాగన్ ఉంటుంది. దాని పూర్వకథ, ఆడేవాళ్లతో అది చెప్పే మాటలు, అన్నీ కలిపి పన్నెండు పేజీలు. మూడేళ్లు కూర్చుని రాశాను. వాళ్లేమో ఒక్క మీట నొక్కి మాటలన్నీ దాటేసి, నాలుగు నిమిషాల్లో దాన్ని చంపి లేచిపోతున్నారు.

వచ్చే నెల ఇరవై మందిని పిలిచి ఆడిస్తారు. అప్పుడూ ఎవరూ వినకపోతే మాటలు తీసేసి ఉత్త గర్జన పెడతామని మా టీమ్ లీడర్ తేల్చేశాడు. నన్ను కత్తులకు పేర్లు పెట్టే పనిలో వేస్తాడట.

అక్షరదోషాలు మాత్రం చూడు. విషయం జోలికి వెళ్లకు, నీకు దణ్ణం పెడతాను.

నీ తమ్ముడు

తా.క.: మాటలు రికార్డు చేసే రోజు దగ్గర పడింది. దిద్దిన వెంటనే కట్ట మొత్తం తిప్పి పంపు.

*

తమ్ముడికి ఆశీస్సులు.

ఐదు పేజీలు అయ్యాయి. దోషాలు తక్కువ. సందేహాలు ఎక్కువ.

వెయ్యేళ్లుగా బంగారం మీద పడుకుందన్నావు. ఒళ్లు ఒత్తుకోదా? అంత బంగారం ఏం చేసుకుంటుంది, పోయేటప్పుడు కట్టుకుపోతుందా? కత్తులు పట్టుకుని వచ్చేవాళ్లను అది రమ్మందా? దాని తల్లి ఏమైంది?

దానితో ఎవరైనా మామూలుగా మాట్లాడారా?

అక్క

తా.క.: పొద్దుటి ప్రార్థనలో దాన్నీ చేర్చాను. పేరు లేదు కనుక 'గుహలో ఉన్న ఆ ప్రాణి' అన్నాను. పైవాడికి అర్థమయ్యే ఉంటుంది.

*

సందేహాల పుట్ట అయిన అక్కకి,

ఇలాంటి ఆటల్లో డ్రాగన్ అంటే ఏదో పెద్ద జంతువనుకోకు. ఆ లోకంలో అందరికంటే ముందు పుట్టింది. కొండలు లేవడం చూసింది. ఏ రాజు ఎవరి గొంతు కోశాడో దానికి తెలుసు. మరిచిపోవడం మాత్రం చేతకాదు. బంగారం ఆశకొద్దీ కాదు, పోయిన రాజ్యాల గుర్తుగా దాచుకుంటుంది. దాన్ని చంపితేనే వీరుడు వీరుడవుతాడు, ఆట ముగుస్తుంది.

తల్లి సంగతి ఇంతవరకు ఎవరూ రాయలేదు. నువ్వడిగిన దగ్గర్నుంచి నా బుర్ర తొలిచేస్తోంది.

మామూలుగా మాట్లాడటమా! కత్తి దూసినవాడు మామూలుగా ఏం మాట్లాడతాడక్కా?

నీ తమ్ముడు

తా.క.: ఆ ప్రార్థన కాస్త ఆపు. నిన్న సరిగ్గా డ్రాగన్‌ను చంపబోయే సమయానికి ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఆగిపోయాయి.

*

నాయనా,

ఎంతసేపని నిలబడతావు? కూర్చో.

చాలా దూరం నడిచావు. భోజనం చేశావా? ఇంట్లో చెప్పే బయలుదేరావా, ఎవరో పంపితే వచ్చేశావా? పంపినవాళ్లు తాము ఎందుకు రాలేదు?

ఆ చేతిలోది కాసేపు కింద పెట్టు. నేనెక్కడికీ పోను.

నా దగ్గరికి అందరూ ఏదో ఒకటి కావాలనే వస్తారు. ఎలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. నువ్వైనా చెప్పు, నీకు నిజంగా ఏం కావాలి? తొందర లేదు.

*

అక్కకి, తలెత్తలేని తమ్ముడు రాస్తున్నది.

ప్రూఫుల కట్ట విప్పగానే నీ ఉత్తరం కనిపించింది. అక్క అన్న సంతకం కూడా లేదు. అంత కోపమా? ఎలా ఉన్నావని అడగలేదన్న మాట ముల్లులా దిగింది. చేతిలోది కింద పెట్టమన్నావని ఫోన్ కింద పెట్టాను, అరగంటసేపు. ఏం తోచక ఉత్తరాన్ని మళ్లీ కట్టలోనే దోపేశాను. అక్కడే కొంప మునిగింది.

మర్నాడు పన్ను నొప్పితో డాక్టర్ దగ్గరికి పోతూ, ఆ కట్ట అలాగే రికార్డింగ్ గదిలో ఇచ్చాను. డ్రాగన్‌కు గొంతు ఇచ్చే పెద్దాయన రేడియోలో చేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవడం ఆయన అలవాటు. నా సొంత అక్క నన్ను తిట్టిన తిట్లను డ్రాగన్ గొంతుతో చదివేశారు!

నేను వినేసరికి ఇరవై మందీ ఆడుతున్నారు. గడ్డం పెంచిన ఓ భారీ మనిషి ఆటలో కత్తి ఎత్తాడు. "భోజనం చేశావా?" అంది డ్రాగన్. ఆయన తెర వంక చూసి, "లేదండీ" అన్నాడు. ఆ పక్కనున్న అమ్మాయి ఆట ఆపి ఇంటికి ఫోన్ చేసుకుంది. ఇరవై మందిలో ఒక్కరూ చంపలేదు. ఒక్కరూ మీట నొక్కి దాటలేదు.

మాటలు ఉంటాయి. కత్తుల పని తప్పింది. కానీ మన ఇంటి గుట్టు ఊరందరికీ చేరింది. క్షమించు. శుక్రవారం వస్తున్నాను.

నీ తమ్ముడు

తా.క.: ఎలా ఉన్నావు?

*

తమ్ముడికి ఆశీస్సులు.

బాగున్నాను. పన్ను జాగ్రత్త.

అది నీకు రాసిన ఉత్తరం కాదు. కాగితం పై మూలన 7 అని వేశాను. నువ్వు చూడలేదు. ఆ పెద్దమనిషి చూశారు.

నీ ఏడవ పేజీ నా దగ్గరే ఉంది. అందులో డ్రాగన్ తన గొప్పలు పన్నెండు వాక్యాల్లో చెప్పుకుంది. వచ్చినవాణ్ని ఒక్క మాట అడగలేదు. ఎవరు వింటారు? అందుకే తీసేశాను. విషయం జోలికి వెళ్లవద్దన్నావు. ఇరవై ఆరేళ్లలో ఆ తప్పు చేయడం ఇదే మొదలు. దేవుడికి చెప్పుకున్నాను, నీకూ చెప్పాను.

శుక్రవారం రా. ఆ మాటలు తగిలాయంటే నీకూ రాసినట్టే.

అక్క

తా.క.: దాన్ని చంపితేనే ఆట ముగుస్తుందన్నావు. ఇప్పుడెవరూ చంపడం లేదు. మరి ఆ ఇరవై మంది ఇళ్లకు వెళ్లారా?