తూకం తగ్గిన సున్నపురాయి

మంగళవారం, పిడుగురాళ్ల

ఈ ఊరికి బదిలీ అయి వచ్చి నాలుగు నెలలైంది. తొమ్మిదో తరగతికి సమీకరణాలు తుల్యం చేయడం వారం నుంచి చెబుతున్నాను. ఒక్కరూ నోరు విప్పరు. నాకు చెప్పడం చేతకాదేమోనని బెంగపడ్డాను.

ఈరోజు బోర్డు మీద బాణానికి ఇటు సున్నపురాయి ఫార్ములా, అటు సున్నం ఫార్ములా రాసి, రెండు వైపులా పరమాణువులు సమానంగా ఉండాలన్నాను. కోటేశ్వరి లేచింది. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పనిచేస్తాడు.

"ఎట్టా సమానమవుద్ది టీచర్? రాయి కాలిస్తే తేలికైపోద్ది. మా నాన్న రోజూ మోస్తాడుగా!"

"మరి ఆ తగ్గింది ఎటు పోయుంటుందే?"

వేళ్లమీద లెక్కపెట్టుకుంది. అటువైపు తక్కువైనవి ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు. గబగబా వచ్చి సున్నం పక్కన కార్బన్ డై ఆక్సైడ్ రాసేసింది.

"గాల్లో కలిసిందాన్ని కూడా రాయాలన్నమాట!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. సాయంత్రం ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఒంగోలులో ఉన్న అక్కకి ఫోన్ చేశాను.

"చుట్టాలొచ్చారే, ఆదివారం చెయ్యి" అని పెట్టేసింది.

"అప్పుడే అయిపోయిందా టీచరుగారూ?" అన్నాడు బూత్ అతను.

అయిపోయిందండీ అన్నాను.

ఆదివారానికి నాకిది చెప్పాలని ఉంటుందో లేదో...