చిజూరు విరిచిన సూది

చిజూరూ,

ఏటేటా విరిగిన సూదులకు చేసే పూజకు గుడికి వెళ్తున్నాను. పాత సామాను బండి వస్తే కుట్టు మిషను ఇవ్వడం లేదని చెప్పి పంపెయ్యి. మీసో పులుసు వేడి చేసుకో. ఈ ఒక్కరోజు మాత్రం సూది ముట్టుకోకు, వాటికి ఇవాళ సెలవు.

నువ్వు కాగితంలో చుట్టి పడేసిన విరిగిన సూది చెత్తబుట్టలో కనిపించింది. నా దగ్గర దాచడం దేనికమ్మా? నిన్న "ఈ ముసలి మిషనుకు నేనంటే పడదు అత్తయ్యా, తీసేద్దాం" అన్నావు. మనసు చివుక్కుమంది. అసలు సంగతి ఇదని ఇప్పుడు తెలిసింది.

కొత్త కోడలిగా నేను మొదటి నెలలోనే నాలుగు విరిచాను. "గుడ్డను లాగకే పిల్లా, మిషనే తీసుకెళ్తుంది. నువ్వు ఊరికే తొక్కు" అని మా అత్తగారు నవ్వేవారు.

నీ సూదిని కూడా నావాటితో కలిపి గుడిలో పెట్టే మెత్తని టోఫు ముద్దలో గుచ్చి వస్తాను. ఏడాదంతా గట్టి గుడ్డల్లో దిగినవి, ఇక మెత్తగా పడుకోవాలిగా. ఇనుముకు నిజంగా అలసట తెలుస్తుందా అని పూజారిగారిని ఈసారైనా అడగాలి.

రేపు పొద్దున్నే పాప బడి సంచీ మొదలుపెడదాం. నువ్వే తొక్కాలి.

అత్తయ్య

మిషను మూత తాళంచెవి నీ అన్నం గిన్నె కింద పెట్టాను. నలభై ఏళ్ళుగా నేనే తీస్తూ వచ్చాను, ఎవరికీ ఇవ్వలేదు. తిరిగి ఇవ్వనక్కర్లేదు.