పదమూడేండ్లు తగ్గించిన పాస్‌పోర్టు

బహ్లా,
అక్టోబరు 4.

మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం, కార్మికుల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాస్‌పోర్టులో నా వయస్సు పదమూడేండ్లు తక్కువ పడియున్నందున, నన్ను ముసలిదానిగా గుర్తించి ఇంటికి పంపించుట గురించి.

కడప జిల్లా బద్వేలు నివాసి, ప్రస్తుతం ఒమాన్ దేశం బహ్లా ఊరిలో ఇంటిపని చేయుచున్న షేక్ జైనబీ వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. పద్నాలుగేండ్ల కిందట వచ్చునప్పుడు నా వయస్సు యాభై రెండు. ఆ వయసుకు వీసా రాదని ఏజెంటు ముప్పై తొమ్మిది రాయించినాడు. తెలిసే సంతకం పెట్టినాను. తప్పు ఒప్పుకొనుచున్నాను.

2. నేను చూసుకొను సఫియా అమ్మగారికి అరవై నాలుగు, పక్షవాతం. ఆమెను మంచం మీంచి ఎత్తి కుర్చీలోకి, బాత్రూముకు దించుట నా డ్యూటీ. నాకిప్పుడు అరవై ఆరు. గోడ పట్టుకోందే నేనే లేవలేకుండా ఉండాను.

3. ఈ నెల ఒకటో తేదీ వయసు మళ్లినోళ్లను సన్మానించే పెద్దల దినం. ఈ ఊరి హాల్లో సఫియా అమ్మగారికి పూలు, సర్టిఫికెట్టు ఇచ్చినారు. చక్రాల కుర్చీ తోసి తోసి మోకాళ్లు పట్టేసి, ముందు వరుసలో ఖాళీ కుర్చీలో కూలబడితిని. ఒక పిల్ల వచ్చి, ఇవి పెద్దవాళ్ల కుర్చీలని మర్యాదగానే లేపింది. యా అల్లా! రెండు గంటలు నిలబడి చప్పట్లు కొట్టినాను సార్.

4. ఇంటికి పోతానంటే ఆమె కొడుకు, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్, చెడ్డోడు కాదు గానీ, నా గుర్తింపు కార్డు చూసి "నీకు యాభై మూడే కదా, అరవై నిండినాక పంపిస్తా" అంటాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. దానికి అరవై నిండేసరికి నాకు డెబ్బై మూడు. అంతదాకా బతికుంటానా? నిజం చెబితే దొంగ పాస్‌పోర్టని కేసు. చెప్పకుంటే ఈడనే మట్టి. యా పక్కకు పోయినా గోడే.

5. నిన్న తట్టుకోలేక సఫియా అమ్మగారికి ఒక్కరికే చెప్పినాను. ఆమె ఏడ్చింది. నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "ఎవరికీ చెప్పొద్దు జైనబ్, తెలిస్తే నిన్ను పంపించేస్తారు" అంది. పంపించాలనే కదమ్మా నేను చెప్పింది!

కావున తమరు దయతలచి, మా బిడ్డ అస్రా పంపిన నా బడి సర్టిఫికెట్టు నకలు జతపరచినాను గనుక, నా అసలు వయస్సు నమ్మి, ఈ ముసలిదాని మొర చిత్తగించవలెనని ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
షేక్ జైనబీ

మరిచినాను సార్: దొంగ వయసుకు శిక్ష ఉంటే కడప జైల్లోనే వేయించండి. మా బిడ్డ బస్సెక్కి వచ్చి చూసిపోతుంది. జైల్లో ముసలోళ్లకు బరువు పని చెప్పరంట, నిజమేనా? అక్కడైనా నా అసలు వయసే రాయించండి.