ఐస్ ఎక్కని సెప్టెంబరు

1 సెప్టెంబరు 2018, శనివారం. ఉదయం 9:00

ఆట మానేశాను. ఈ డైరీ కొన్నది అందుకే.

నా పేరు మల్లికార్జున. ముప్పై అయిదేళ్లు. పుట్టింది కాకినాడ, ఉంటున్నది కోవెంట్రీ. 2008 నుంచి పది సీజన్లు ఐస్ హాకీ ఆడి బతికాను. నేను ఫార్వర్డ్‌ని. ఫార్వర్డ్ అంటే గోల్స్ కొట్టేవాడని మనవాళ్లు అనుకుంటారు. నేను ఆ రకం కాదు. ఆ నల్ల రబ్బరు బిళ్ల మూలలోకి పోతే దాని వెనకే వెళ్లి, గోడకేసి గుద్దించుకుని, బిళ్లని బయటికి లాగి, గోల్ కొట్టేవాడికి ఇచ్చే రకం. మొత్తం 431 మ్యాచ్‌లు. 47 గోల్స్. విరిగిన ముక్కు ఒకటి, మూడుసార్లు. పళ్లు రెండు. ఎడమ మోకాలు పూర్తిగా.

మానేసింది నా భార్య నీహారిక కోసం. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నా ఆట కోసం 2012లో ఒకసారి, 2015లో ఒకసారి వేరే ఊళ్లలో వచ్చిన మంచి పోస్టులు వదులుకుంది. ఇప్పుడు స్విండన్‌లో కన్సల్టెంట్‌గా, అంటే పైన ఇంకెవరూ లేని పెద్ద డాక్టరుగా, పోస్టు వచ్చింది. అక్టోబరు ఒకటిన చేరాలి. 29న ఇల్లు మారుతున్నాం. "ఈసారి నీ వంతు," అన్నాను. నేనే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

నియమాలు:
1. ఐస్ ఎక్కను.
2. రింక్ వైపు, అంటే మేం ఆడే ఐస్ మైదానం వైపు, వెళ్లను.
3. స్కోర్లు చూడను.
4. కోచ్ గ్యారీ ఫోన్ చేస్తే ఎత్తను.
5. స్కేట్లు ఎవరికైనా ఇచ్చేస్తాను.

ఎంత హాయిగా ఉందో! పదేళ్ల క్రితమే మానేయాల్సింది!

సాయంత్రం 7:00. సీజన్ మొదటి మ్యాచ్ ఇప్పుడు మొదలై ఉంటుంది. నాకేం సంబంధం లేదు. చపాతీలు ఒత్తుతున్నాను.

7:40. మూడు పీరియడ్లలో మొదటిది అయిపోయి ఉంటుంది. పాతిక చపాతీలు అయ్యాయి. ఇంట్లో ఉన్నది ముగ్గురం.

మా అమ్మాయి సాత్వికకి తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "డాడ్, ఊరికే క్లాక్ చూస్తున్నావ్ వై?" అంది. కంగారులో ఇంగ్లీషులో తెలుగు కలిసింది. చపాతీకి టైమింగ్ ముఖ్యమని చెప్పాను.

3 సెప్టెంబరు, సోమవారం

స్కేట్లు ఇచ్చేద్దామని, పాత వస్తువులు దానంగా తీసుకునే ఛారిటీ షాపుకి వెళ్లాను. కౌంటర్లో పెద్దావిడ సంచి తెరిచి, స్కేట్ల అడుగున ఉన్న కత్తులు చూసి, వెంటనే మూసేసింది. పదునైన వస్తువులు తీసుకోరట.

చేయాల్సింది చేశాను. తీసుకోకపోతే నా తప్పు కాదు. స్కేట్లు కారు డిక్కీలో ఉన్నాయి. తాత్కాలికంగా.

6 సెప్టెంబరు, గురువారం

బర్మింగ్‌హామ్ నుంచి అమ్మ ఫోను.

"ఏరా మల్లీ, నిజంగానే మానేశావా?"

"మానేశానమ్మా."

"అమ్మయ్య! ఇన్నాళ్లూ ఎవరడిగినా ఏం చెప్పాలో తెలిసేది కాదురా. విమల గారూ, మీవాడు ఏం చేస్తాడండీ అంటే, స్పోర్ట్స్‌లో ఉన్నాడండీ అనేదాన్ని. ఏ స్పోర్ట్స్ అంటే మాట మార్చేసేదాన్ని."

"మరి ఇప్పుడేం చెప్తావు?"

"అదే చూడాలి," అంది.

8 సెప్టెంబరు, శనివారం

రింక్‌కి వెళ్లాను. లాకర్ ఖాళీ చేయడానికి మాత్రమే. ఇది ఆట మానడంలో భాగమే కాబట్టి రెండో నియమం కిందికి రాదు.

వెళ్లింది: 10:00. లాకర్లో ఉన్నవి: ఒక సబ్బు, రెండు టేపు చుట్టలు, ఎవరిదో సాక్సు. బయటికి వచ్చింది: 12:30.

ఆ చలి వాసన, చెమట పట్టిన గ్లవ్స్ వాసన. నీహారిక దాన్ని చచ్చిన ఎలుక అంటుంది. తలుపు తీయగానే గుండె నిండా పీల్చాను.

గ్యారీ వచ్చి పక్కన కూర్చున్నాడు. మాలీ అంటాడు నన్ను. క్లబ్‌లో అందరూ అంతే. మల్లికార్జునలో వాళ్లకి నోరు తిరిగింది అంతవరకే.

"మాలీ, ఒక కుర్రాడి భుజం ఎముక విరిగింది. కెనడా నుంచి కొత్తవాడు రావాలి. వీసా రాలేదు," అన్నాడు.

"పాపం," అన్నాను.

"ఊరికే చెప్తున్నా."

"నేనూ ఊరికే వింటున్నా."

చాలా గట్టిగా నిలబడ్డాను!

13 సెప్టెంబరు, గురువారం

ప్రాక్టీసు వేరు, మ్యాచ్ వేరు. మొదటి నియమంలో 'ఐస్' అంటే మ్యాచ్ ఐస్ అని నా ఉద్దేశం. అప్పుడు తొందరలో సరిగ్గా రాయలేదు. ఇప్పుడు దిద్దాను.

పాత కార్పెట్ పారేయడానికి కౌన్సిల్ చెత్త డిపోకి వెళ్తున్నానని నీహారికకి చెప్పాను. నిజంగానే వెళ్లాను. ఆ తర్వాత గంటన్నర ఐస్ మీద ఉన్నాను. కాబట్టి అబద్ధమేమీ ఆడలేదు.

సాయంత్రం మోకాలు కొబ్బరికాయంత అయింది. నీహారిక ప్యాకింగ్ చేస్తూ చూసింది.

"ఏమైంది మోకాలికి?"

"పెట్టెలు మోశాను కదా."

కింద వరసగా పెట్టెలున్నాయి. ఒక్కటి కూడా నేను మోసింది కాదు. ఆమె దిండు తెచ్చి కాలి కింద పెట్టి వెళ్లింది.

18 సెప్టెంబరు, మంగళవారం

సంతకం పెట్టాను. రెండే మ్యాచ్‌లు. 22, 29. కెనడావాడి వీసా వచ్చేదాకా. దీన్ని మళ్లీ ఆడటం అనరు. సాయం చేయడం అంటారు.

ఒక చిన్న ఇబ్బంది. ఏప్రిల్లో నాకు వీడ్కోలు సభ పెట్టి, నా జెర్సీని అద్దాల ఫ్రేములో బిగించి ఇచ్చారు. ఆ నెంబరుతో క్లబ్ దగ్గర వేరే జెర్సీ లేదట. సామాన్లు చూసే అతను ఫోన్ చేసి, "ఏమనుకోకు మాలీ, అదొకసారి ఇస్తావా?" అన్నాడు.

గ్యారేజీలో కూర్చుని వెనక మేకులు ఇరవై రెండు పీకాను. ఖాళీ ఫ్రేముని 'జాగ్రత్త, అద్దం' అని రాసిన పెట్టెలో పెట్టి టేపు వేశాను.

29నే ఇల్లు మారేది. చూద్దాం.

22 సెప్టెంబరు, శనివారం

నీహారికకి పాత ఆసుపత్రిలో ఆఖరి వీకెండ్ డ్యూటీ. సాత్వికని నాతోపాటు తీసుకెళ్లి, మా జట్టు ఫిజియో వాళ్లావిడ పక్కన కూర్చోబెట్టాను. చేతికి చిప్స్ ఇచ్చాను.

"డాడ్, ఈజ్ దిస్ ఎ సీక్రెట్ ఆర్ ఎ సర్‌ప్రైజ్?"

"సర్‌ప్రైజ్."

"ఫర్ మమ్?"

"ఊఁ."

చిప్స్ తినడం ఆపి నా మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్లకి అంత చూపు అక్కర్లేదు.

మొత్తం ఆడింది తొమ్మిది నిమిషాలు. మొదటి నిమిషంలోనే ఆరడుగుల మూడంగుళాలవాడు నన్ను గోడకేసి కొట్టాడు. పక్కటెముకలన్నీ ఒకేసారి పలికాయి. లేచేసరికి నవ్వుతున్నాను.

ఇది రాసి తీరాలి. 1994 జనవరిలో కాకినాడ నుంచి వచ్చాను. అప్పుడు నాకు పదేళ్లు. బడిలో ఎవరేమన్నా అర్థమయ్యేది కాదు. నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. ఒకరోజు టీచరు అందర్నీ రింక్‌కి తీసుకెళ్లింది. అక్కడ అందరూ పడ్డారు. నేనూ పడ్డాను. పడటానికి ఇంగ్లీషు అక్కర్లేదు. సాయంత్రానికి నేను పడటం మానేశాను, వాళ్లు ఇంకా పడుతున్నారు. అప్పటినుంచి ఐస్ మీద తప్ప ఇంకెక్కడా నేను ఈ ఊరివాణ్ణని నాకు అనిపించలేదు.

3-2 గెలిచాం. రెండో గోల్ నా వీపుకి తగిలి లోపలికి పోయింది. నా పేరు మీదే రాశారు. 48.

23 సెప్టెంబరు, ఆదివారం. సాయంత్రం 6:00

నీహారిక డ్యూటీ నుంచి వచ్చింది. కోటు విప్పలేదు. వంటింట్లో నిలబడింది.

"ఆపరేషన్ థియేటర్ల స్ట్రెచర్లు తోసే పోర్టరు నాకు కంగ్రాట్స్ చెప్పిండు. డాక్టర్, నిన్న మీ ఆయన గోల్ కొట్టిండని."

"వీపుకి తగిలిందంతే."

"మల్లీ."

స్టవ్ ఆర్పాను.

"నువ్వు ఆడినవని నాకు కోపం లేదు. నీకు ఆట అంటే ఏందో నాకు తెల్వదా? రెండుసార్లు నేను పోస్టు వదులుకున్న. నువ్వు అడగలే, నేనే వదిలిన. ఎవరి మీదా ఏడ్వలే. కానీ ఇప్పుడు నేను పోతున్న చోటు గురించి ఈ నెలరోజుల్ల ఒక్కమాట అడిగినవా? ఆ ఆసుపత్రి పెద్దదా చిన్నదా, నాకు భయమైతున్నదా లేదా. ఒక్కమాట!"

అడగలేదు. నిజం.

"పిల్లతోని కూడ అబద్ధం మోయిస్తున్నవు," అంది.

29న ఆడనని గ్యారీకి చెప్పేస్తానన్నాను. ఆమె ఎదురుగానే ఫోన్ చేశాను. రెండుసార్లు మోగింది. పెట్టేశాను. ఎత్తలేదని చెప్పాను.

26 సెప్టెంబరు, బుధవారం

గ్యారీకి రేపు చెప్తాను. మెసేజ్‌లో చెప్పడం మర్యాద కాదు.

27 సెప్టెంబరు, గురువారం

రేపు.

29 సెప్టెంబరు, శనివారం

9:00. వ్యాను వచ్చింది.

1:00. అన్నీ ఎక్కాయి. నీహారిక, సాత్విక కార్లో స్విండన్ బయల్దేరారు. నేను నాలుగింటికి ఏజెంటుకి ఇంటి తాళాలిచ్చి, రైలెక్కి వెళ్లాలి. "ఏడున్నరకల్ల వస్తవు గద," అంది నీహారిక. వస్తానన్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను.

4:00. తాళాలిచ్చాను.

4:25. స్టేషన్. టికెట్ కొన్నాను. భుజాన ఉన్న సంచిలో స్కేట్లున్నాయి. పొద్దున డిక్కీలోంచి తీసింది నేనే.

4:42. రైలు వచ్చింది. వెళ్లింది.

ఇక్కడ ఒక సాకు రాయాలి. చాలాసేపు వెతికాను. ఏదీ దొరకలేదు. ఆడాలనిపించింది. అంతే.

రెండో పీరియడ్, ఆరో నిమిషం. ఎవరూ కొట్టలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. మామూలుగా మలుపు తిరిగాను. ఎడమ మోకాలు తిరగలేదు. లోపల తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడు. ఇద్దరు మోసుకెళ్లారు. జనం చప్పట్లు కొట్టారు. కిందపడ్డవాడికి చప్పట్లు కొట్టడం ఇక్కడి మర్యాద.

8:15. ఫిజియో బల్ల మీద పడుకుని ఫోన్ చేశాను. అప్పటికి ఆమెవి ఆరు మిస్డ్ కాల్స్.

"నీహా, రింక్‌లో ఉన్నాను."

డాక్టరు గొంతుతో అడిగింది.

"ఏ కాలు?"

"ఎడమది."

"మడత పడుతున్నదా?"

"లేదు."

"బరువు మోపగలవా?"

"లేదు."

"ఎక్స్‌రే తీయించుకో. నేను రాను మల్లీ. ఇదివరకు ప్రతిసారి వచ్చిన. ఈసారి రాను."

పెట్టేసింది. పది సీజన్లలో ఎక్కడ దెబ్బ తగిలినా ముందుగా వచ్చింది ఆమే. ఒకసారి థియేటర్ బట్టలతోనే వచ్చింది. ఇప్పుడు బల్ల పక్కన ఖాళీ కుర్చీ చూస్తుంటే మోకాలి నొప్పి పెద్దగా తెలియలేదు.

30 సెప్టెంబరు, ఆదివారం

ఎముక విరగలేదు. లోపలి లిగమెంట్ తెగింది. ఇక ఆడలేనని ఎక్స్‌రే తీసిన అమ్మాయి కూడా చెప్పగలిగింది.

గ్యారీ సోఫాలో పడుకున్నాను. పొద్దున కాఫీ ఇచ్చి, "కెనడావాడి వీసా వచ్చింది," అన్నాడు. మంచిదన్నాను.

చంకల్లో కర్రలతో రెండు రైళ్లు మారి స్విండన్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. కొత్త ఇంటి తలుపు సాత్విక తీసింది.

"మమ్ సెడ్ యూ కెన్ సిట్ దేర్," అని ఒక అట్టపెట్టె చూపించింది.

నీహారిక నేల మీద కూర్చుని ఒక్కతే మంచం బిగిస్తోంది. కాగితం తలకిందులుగా పట్టుకుంది. చెప్పే ధైర్యం నాకు లేదు. కాసేపటికి చెయ్యి చాపింది. స్క్రూ ఇచ్చాను. మళ్లీ చాపింది. మళ్లీ ఇచ్చాను. పన్నెండు స్క్రూలదాకా మాటల్లేవు.

"భయమవుతోందా, రేపు?" అని అడిగాను.

స్క్రూ తిప్పడం ఆపింది. "బాగ," అంది. "నా పేరు మీద ఆపరేషన్ల లిస్టు ఉంటది. ఏమన్న అయితే వెనక్కి తిరిగి చూస్తే పెద్దోళ్లు ఎవరూ ఉండరు. నేనే."

"ఆసుపత్రి పెద్దదేనా?"

"ఇప్పుడు అడుగుతున్నవా?"

"ఆలస్యంగానే."

మంచం కాలు బిగించి, కర్రల వైపు చూసింది. "రేపు ఏడున్నరకు నా డ్యూటీ. పిల్లని బడికి ఎవరు తీస్కపోతరు?"

"నేను."

"ఎట్ల?"

"నడిచి."

1 అక్టోబరు 2018, సోమవారం

6:50. నీహారిక వెళ్లింది. గుమ్మం దాకా కర్రలతో వెళ్లాను. "ఆల్ ది బెస్ట్," అన్నాను. పదేళ్లుగా ఆమె నాకు చెప్పిన మాట. నా నోట కొత్తగా ఉంది.

8:00. బడికి బయల్దేరాం. దూరం ఎనిమిది నిమిషాలు. పట్టింది ముప్పై ఆరు. సాత్విక తన లంచ్ బ్యాగు కూడా తనే మోసింది. దారిలో నా కోసం నాలుగుసార్లు ఆగింది. ఒక్కసారీ విసుక్కోలేదు.

సాయంత్రం 6:30. నీహారిక వచ్చింది. నలుగురికి మత్తిచ్చింది. నలుగురూ లేచారు. మొదటివాడు కళ్లు తెరిచేదాకా తనకి ఊపిరి ఆడలేదట. మొత్తం విన్నాను. పప్పు చల్లారింది. మళ్లీ వేడి చేశాను.

తర్వాత బడివాళ్లిచ్చిన ఫారం నింపాం. సాత్విక చదివింది, నేను చెప్పాను, తనే రాసింది.

"ఫాదర్స్ ఆక్యుపేషన్?"

ఫార్వర్డ్ అనబోయాను. ఇంకేదైనా అనబోయాను.

సాత్విక కాసేపు చూసి, తనే రాసింది. రిటైర్డ్. తలెత్తి, "ఫర్ రియల్?" అంది.

"నిజంగా," అన్నాను. "ఈరోజు నుంచి."

నీహారిక సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"పక్కన తేదీ కూడ వెయ్యమను," అంది.

వేయించాను.