జలుబు కాపలా

గుడివాడ, ఆదివారం రాత్రి

ఈ గదిలో ఇది నాలుగో రోజు. మావయ్యగారికి ఫ్లూ అని తేలిన సాయంత్రానికి నాకు అప్పటికే మామూలు జలుబు. ఒంట్లో ఒక వైరస్ ఉంటే కొన్నాళ్లు రెండోదాన్ని అంత తేలిగ్గా రానివ్వకపోవచ్చనీ, అయినా గ్యారంటీ లేదనీ డాక్టరుగారు చెప్పారు. మా ఇంట్లో వాళ్లకి మొదటి సగమే వినబడింది. బంటుమిల్లి రొయ్యల చెరువుల దగ్గర ఉండిపోయిన మా ఆయనకి అదీ వినబడలేదు. "నీకెలాగూ జలుబుంది కదమ్మా, నువ్వే చూసుకో" అని ఆయాసం జబ్బున్న అత్తయ్యగారు నన్ను లోపలికి పంపి తలుపు దగ్గరకి వేశారు.

ఇవాళ మధ్యాహ్నం వంటింట్లోంచి చేపల పులుసు వాసన వచ్చింది. ఇన్ని రోజులకి నా ముక్కుకి తగిలిన మొదటి వాసన. ఆకలి వేయలేదు, భయం వేసింది. పక్క మంచం మీద మావయ్యగారు దగ్గుతూనే ఉన్నారు.

అంతలో తలుపు అవతల నుంచి తోడికోడలు సునీత అడిగింది.

"అక్కా, జలుబు తగ్గిందా? తగ్గితే నువ్వు వచ్చెయ్, నేను చూసుకుంటా."

దాని చేతుల్లోని మూడు నెలల బాబు ఏడుపు వినబడుతోంది.

"లేదే, ఇంకా అలాగే ఉంది" అని గట్టిగా ముక్కు చీదాను. ఏమీ రాలేదు.